తడి ఆరని కుర్చీ

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేనెప్పుడూ కుర్చీ వేసి కూర్చోబెట్టలేదు. చాలా ఏళ్లు జిల్లా పరిషత్ బడిలో మరాఠీ మీడియంలో లెక్కలు చెప్పాను. ఏది జరిగినా దానికి ఒక కారణం ఉంటుంది. అది మనకు తెలియకపోవచ్చు, అంతే. ఈ అభిప్రాయం నాకు ఇప్పటికీ మారలేదు. ఇది రాస్తున్నది ఎవరినో నమ్మించడానికి కాదు. నా కళ్లెదుట జరిగింది, జరిగినట్టు రాస్తున్నాను.

మాది నాందేడ్‌లో పాత తెలుగు వ్యాపార కుటుంబం. పత్తి జిన్నింగ్ మిల్లు, గంజ్ బజారులో దుకాణం, గోదావరి వైపు వాడా అని పిలిచే రెండంతస్తుల పెద్ద లోగిలి ఉండేవి. మిల్లు మూతపడింది. నాన్న, చిన్నాయనలు కోర్టుకెక్కారు. వాడా చేతులు మారి, ఇప్పుడు ఆ చోట మొబైల్ దుకాణాల కాంప్లెక్స్ నిలబడి ఉంది. నేను రెండు గదుల అద్దె ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆస్తి పోయిందే కాని నా నడుము వంగలేదు. ఎవరినీ ఏదీ అడగను. బస్సులో సీటు అడగను, ఆఫీసులో కుర్చీ అడగను. కూర్చోమంటే కూర్చుంటాను. అనకపోతే ఎంతసేపైనా నిలబడతాను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఆడవాళ్లు బయటికి వెళ్లాలంటే, తెరలు కట్టిన బండి కదలకముందే ఒక మనిషి ముందుగా నడిచి వెళ్లేవాడు. గుడి కానీ, దవాఖాన కానీ, బట్టల దుకాణం కానీ, ఆ గడప మీద కర్రతో రెండుసార్లు తట్టి, "బాయిసాబ్ ఆరైఁ" అని చెప్పేవాడు. మా ఇంటి అమ్మగారు వస్తున్నారని. భుజం మీది తడి తువాలుతో కుర్చీ తుడిచి, ఆ తరువాతి చోటికి బయలుదేరేవాడు. మేము చేరేసరికి ఆయన ఉండేవాడు కాదు. తడి కుర్చీ ఉండేది.

ఆయన పేరు ఖాజామియా. పొడుగు మనిషి, తలకు ఎర్ర రుమాలు చుట్టుకునేవాడు. బండి పోయి మోటారు వచ్చింది. మోటారు కూడా పోయాక మా అమ్మ ఎక్కిన సైకిల్ రిక్షాకు ముందు కూడా ఆయనే నడిచాడు. జీతం ఇవ్వలేమని నాన్న చెప్పినా మానలేదు. నేను కాలేజీలో ఉండగా చనిపోయాడు. నాన్న, అన్న ఖబరస్తాన్ దాకా వెళ్లి మట్టి వేసి వచ్చారు. ఈ విషయంలో పొరపాటుకు తావు లేదు.

ఇక అసలు సంగతి. రెండేళ్ల కింద, మే నెల.

మా అన్న పోయాక కమల వదినె నాందేడ్‌కు కొద్ది రైలు దూరంలో ఉన్న ఉమ్రిలోనే ఉంటోంది. ఆమెకు గుండె కవాటం పాడైంది. ఎక్కువసేపు నిలబడితే కళ్లు తిరుగుతాయి. అంతకుముందు ఒకసారి ఉమ్రి స్టేషన్‌లో రైలు కోసం నిలబడి నిలబడి అక్కడే కూలిపోయింది. నాందేడ్ సర్కారు దవాఖానలో ఆపరేషన్ చేస్తామన్నారు. పెద్ద డాక్టరు బయటి ఊరి నుంచి వచ్చే రోజు ఆమెను చూపించాలి. ఆపరేషన్ ఉచితంగా చేయాలంటే దానికి ముందు, కార్డు ఇంకా నాందేడ్ చిరునామా మీదే ఉంది కాబట్టి, ఇక్కడి తహసీల్ ఆఫీసుకు ఆమే స్వయంగా వెళ్లి రేషన్ కార్డులో పేరు సరిచేయించుకోవాలి. రెండూ ఒక్కరోజే కావాలి.

వదినె ఫోన్లో రానంది.

"నిలవడుడు నాతోని కాదు సుశీలా. గంత మందిల పడిపోయి చీర సర్దుకునుడు ఇంకోపారి నాకద్దు. గీ ఆపరేషన్ లేకుంటెనే ఇజ్జత్‌తోని పోత."

"నిన్ను నిలవడనియ్య. నేను చూసుకుంట, రా" అన్నాను.

అన్నాను కాని, ఎట్లా చూసుకుంటానో ఆలోచించలేదు. కుర్చీ కావాలంటే ఎవరినో ఒకరిని అడగాలి. మాట ఇచ్చింది నేను, అడగనిదీ నేనే. రాత్రంతా ఆ ఒక్క వాక్యాన్ని మరాఠీలో మనసులో చెప్పుకున్నాను: భావూ, ఈమెకొక కుర్చీ వేస్తారా.

పొద్దున స్టేషన్‌లో వదినెను దించుకుని ఆటోలో తహసీల్ ఆఫీసుకు వెళ్లాం. మంది వరండా దాకా ఉన్నారు. వదినె నా భుజం పట్టుకుంది. అప్పటికే ఆమె చెయ్యి చల్లబడింది. నేను నోరు తెరిచాను. వాక్యం రాలేదు. నిజంగానే రాలేదు.

ఇంతలో లోపలి నుంచి ఒక గుమాస్తా తల ఎత్తి, "యా బాయీ, ఇకడే బసా" అని కూర్చోవడానికి పిలిచాడు. కిటికీ పక్కన, ఫ్యాను కింద ఒక కట్టె కుర్చీ వేసి ఉంది. అంత మందిలో దాని మీద ఎవరూ కూర్చోలేదు. మీ మనిషి చెప్పి పోయాడు, కుర్చీ కూడా ఆయనే తుడిచాడు, అన్నాడు మరాఠీలో.

మాతో మనిషి ఎవరూ లేరని చెప్పాను. ఆయన అప్పటికే వేరే కాగితంలో పడ్డాడు.

వదినెను కూర్చోబెట్టబోతూ కుర్చీ మీద చెయ్యి పెట్టాను. తడిగా ఉంది. నాందేడ్‌లో మే నెలంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. తీగ మీద ఆరేసిన చీర, వెనక్కి తిరిగి చూసేలోపల ఆరుతుంది. తడి ఉందంటే, తుడిచిన మనిషి ఆ గదిలోనో గడప దగ్గరో ఉండాలి. చుట్టూ చూశాను. నాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ముసలివాళ్ల కోసం ఆఫీసువాళ్లే ఏర్పాటు చేసి ఉంటారని అనుకున్నాను. అట్లా అనుకోవడంలో తప్పేమీ లేదు. వదినె కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. పని అయింది.

దవాఖానలో గేటు దగ్గరి కాపలా మనిషి మమ్మల్ని చూడగానే బల్లెం లాంటి తన లాఠీ పక్కన పెట్టి ఎదురొచ్చాడు. "ఆవో అమ్మా, చాచా బోల్‌కే గయే" అన్నాడు. చాచా చెప్పి పోయాడట. డాక్టరు గది తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఉంది. ఒకటే కుర్చీ. గచ్చు మీద దాని కాళ్ల చుట్టూ నీళ్ల చుక్కలు ఇంకా పడి ఉన్నాయి.

"ఏ చాచా?" అని అడిగాను. అది ప్రశ్న, అభ్యర్థన కాదు, కాబట్టి అడిగాను.

"మీవాడే కదా, కర్ర పట్టుకున్నాయన" అన్నట్టు అతను చేత్తో చూపించాడు. పొడుగు మనిషికి గుర్తుగా చెయ్యి తన తలకన్నా పైకెత్తాడు. అంతలో అంబులెన్సు వచ్చి, అతను అటు పరుగెత్తాడు.

డాక్టరు వదినెను చూశాడు. ఆపరేషన్ చేయొచ్చు, భయం లేదు అన్నాడు. బయటికి వచ్చి ఆటో ఎక్కాం. వదినె నవ్వింది.

"ఖాజామియాకు ఇంక ఛుట్టీ దొరుకలేదా ఏందే?"

"ఊకో వదినె. ఎవలో మంచోడు, ముసలోళ్లను చూసి చెప్తున్నడు."

"చెప్పనియ్. నువ్వయితె చెప్పవు గద. నీ నడుము జర వంగితె గోదారి ఎనుకకు మల్లుతది మరి!"

ఆమెకు నన్ను అట్లా అనే హక్కు ఉంది. కొత్తకోడలిగా వచ్చిననాడు పరికిణీలో నిలబడి ఉన్న నన్ను చూసి, ఈ పిల్ల గోడకు కట్టిన కర్రలాగా ఉందని మొట్టమొదట అన్నది ఆమే.

రైలుకు ఇంకా టైముంది. అప్పుడు వదినె ఉన్నట్టుండి ఒక కోరిక కోరింది. "ఆపరేషన్ బల్ల మీదికెల్లి లేస్తనో లేవనో. మామ కట్టిచ్చిన వాచనాలయం ఒక్కపారి చూపియ్యే."

ఈ సంగతి గమనించాలి. ఆ మాట ఆమె నోటి నుంచి దవాఖాన గేటు దాటిన తరువాతే, నడుస్తున్న ఆటోలోనే వచ్చింది. అంతకుముందు మాకే తెలియదు. ఆటోవాడు మా కళ్ల ముందే ఉన్నాడు, ఫోను తియ్యలేదు.

వాచనాలయం మిల్లు నడిచిన రోజుల్లో నాన్న కట్టించి ఊరికి ఇచ్చిన చదువుగది. నది వైపు ఒక గల్లీ చివర ఉంటుంది. అవతల దారి లేదు. వెళ్లినవాడు అదే గల్లీలోంచి తిరిగి రావాలి. నేను ఉండేది అదే ఊళ్లో అయినా, ఊరికి అప్పగించాక లోపల అడుగు పెట్టలేదు. ఇచ్చిన చోటికి మాటిమాటికి వెళ్తే, ఇచ్చిన సంగతి గుర్తు చేస్తున్నట్టు ఉంటుంది. గుమ్మం పైన నాన్న పేరు చెక్కిన రాయి సున్నం పొరల కింద ఉంది. తెలిసినవాళ్లకు అక్షరాల గుంతలు తెలుస్తాయి. వదినె తలెత్తి చూసి చెంగు నెత్తిమీదికి లాక్కుంది.

లోపల ఏటవాలు బల్లల మీద పేపర్లు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, గరగరమనే ఫ్యాన్లు. బిలోలి వైపు నుంచి వచ్చిన తెలుగు మనిషి ఒకామె అక్కడ పని చూస్తుంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

"అచ్చిండ్రా బాయీ? రాండ్రి. కుర్సీలు గా కిటికికాడ ఏసిన."

ఈసారి రెండు కుర్చీలు. రెండూ తడిగా ఉన్నాయి.

వదినె వెళ్లి కూర్చుంది. నేను నా అలవాటు ప్రకారం పక్కన నిలబడ్డాను. అక్కడ పని చూసే ఆమె నన్ను కాసేపు చూసి, కొంచెం మొహమాటపడుతూ దగ్గరికి వచ్చింది.

"ఏమనుకోకుండ్రి. ఆయన గట్లనే చెప్పిండు. ఉర్దూల చెప్పిండు. పెద్ద బాయి కూసుంటది, చిన్న బాయి అడుగది. ఆమెను మీరే కూసొమ్మనుండ్రి, అన్నడు. కూసోండ్రి బాయీ."

వాడాలో పనివాళ్లు నన్ను చిన్న బాయి అనేవాళ్లు. వాళ్లంతా పోయారు. ఆ పేరు తెలిసిన మనిషి భూమ్మీద ఒక్క వదినె. ఆమె పొద్దుటి నుంచి నా పక్క నుంచి కదల్లేదు.

"ఎప్పుడు చెప్పిండు?"

"గిప్పుడే గద! మీ ఆటో ఆగకముందే. గల్లీల మీకెదురు రాలేదా?"

గల్లీలో మాకు ఎవరూ ఎదురుకాలేదు.

నేను కూర్చున్నాను. కుర్చీ తడి నా నూలుచీరలోంచి ఒంటికి తగిలింది. వదినె ఈసారి ఎకసెక్కం చేయలేదు. నా కుర్చీ చెయ్యి మీద వేళ్లు ఆనించి, "సల్లగున్నది" అంది. 

తరువాత నేను చేయగలిగిన విచారణ చేశాను. పుణేలో ఉన్న వదినె కొడుకు ఎవరినీ పంపలేదని ఒట్టేసి చెప్పాడు. తహసీల్ గుమాస్తాకు కుర్చీ గుర్తుంది, మనిషి మొహం గుర్తు లేదు. గేటు దగ్గర కాపలా మనిషి మారాడు. వాచనాలయం ఆమెకు మాత్రం ఎర్ర రుమాలు గుర్తుంది. ఎటు వెళ్లాడో చూడలేదంది. కుండలో నీళ్లు పోయడానికి లోపలికి వెళ్లి వచ్చేసరికి లేడట.

"అత్తా, దవాఖానల కెమెరాలు ఉంటయ్. గా దినం రికార్డింగ్ అడుగు" అన్నాడు మేనల్లుడు.

నేను అడగలేదు. మనుషులనే అడగనిదాన్ని, కెమెరాను అడుగుతానా? అదీగాక అందులో ఎవరైనా కనబడితే ఏం చేయాలి, కనబడకపోతే ఏం చేయాలి, రెండూ నాకు తోచలేదు.

వదినె ఆపరేషన్ బల్ల మీద నుంచి లేచింది. ఉమ్రిలో ఇప్పుడు నిలబడే అందరి మీదా పెత్తనం చేస్తోంది. ఈ సంగతి ఎవరు ఎత్తినా, "ఆయన పని ఆయన జేసిండు, గంతే" అంటుంది. నాకు అంత తేలిగ్గా కుదరదు. దయ్యాలు లేవని ఇప్పుడు కూడా చెప్తాను. ఆ రోజు మా ముందు నడిచింది ఎవరో మాత్రం చెప్పలేను.

నేను మారలేదు. ఇప్పటికీ ఆఫీసుల్లో, బస్టాండులో, దవాఖానలో ఎవరూ అనకపోతే నిలబడే ఉంటాను. కాకపోతే ఖాళీ కుర్చీ కనబడితే, ఎవరూ చూడకుండా ఒకసారి దాని మీద చెయ్యి పెట్టి చూస్తాను.

ఇంతవరకు అన్నీ పొడిగానే ఉన్నాయి.