రావద్దన్నాను

పెనుగాలుల హెచ్చరిక విన్నప్పుడల్లా ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ రైల్వే స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో కలిసిన ఒకావిడ గుర్తొస్తుంది.

ఆ సాయంత్రం పట్టాల మీద చెట్టు పడి రైళ్లు ఆగిపోయాయి. ప్లాట్‌ఫాం మీద నిలబడవద్దని స్టేషన్‌వాళ్లు అందరినీ లోపలికి పంపారు. నా పక్కన కూర్చున్న ఆవిడ ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతోంది.

"కారు తియ్యకు. తొవ్వల చెట్లు కూలుతున్నయంట. నేను లోపల్నే ఉన్న. గాలి తగ్గినంక వస్త."

కాసేపటికే మళ్లీ మోగింది.

"బయల్దేరినవా? చెప్తే వినవేంది? బండి వెనక్కి మలుపు."

కోపంగానే అంది గాని, ముఖం వెలిగిపోతోంది.

మా ఆయన మధ్యాహ్నం నుంచి ఒక్కసారీ ఫోన్ చేయలేదు. ఆ కారు నిజంగానే దారిలో ఆగిపోతే బాగుండునన్నంత అసూయ కలిగింది నాకు.

నేనే ఇంటికి చేశాను.

"లేటవుతుందా? సరే, నేను తినేస్తాలే," అన్నారాయన.

"వద్దండీ, మీరు రావద్దు. గాలి బాగా ఉంది," అన్నాను, ఆవిడకు వినపడేలా.

"నేనెక్కడికి వస్తున్నాను?"

ఫోన్ పెట్టేశాను. ఆవిడ నావైపు తిరిగి నవ్వింది.

"మీ ఆయన గూడ అంతేనా అక్కా? చెప్తే వినరు."

"వినరు," అన్నాను.