ఎద్దు గిట్ట వంటి టైరు

"బటన్లు ఎడం ఎడంగ ఉన్న టైరే కావాలె నాకు. రేగడి బురదల జారిపడితే నువ్వచ్చి లేపుతవా అవ్వా?"

"జారినోళ్లు లేస్తరు బిడ్డా. దొరికినోళ్లు లేవరు."

"ఎవలకు దొరుకుత? ఏం మాట్లాడుతున్నవ్ నువ్వు?"

"సన్నగీతల టైరు ఏస్కో, నెమ్మదిగ పో. లేకుంటే బండి ఈడనే పెట్టి బస్సెక్కు."

"అడివిలకు బస్సొస్తదా? పైసలు పోతయని గిట్లంటున్నవ్. పైసలు నావి, నీయి కావు."

మొన్న శ్రావణంలో నాకూ మా మనుమరాలికీ జరిగిన కొట్లాట ఇది. ఆ పిల్ల నా కొడుకు కూతురు, భూపాలపల్లి వైపు అడవిలో బీటు చూసే కొలువు, మోటారు సైకిలు మీద తిరుగుతుంది. వానకు బండి జారి మోచెయ్యి చెక్కుకుపోతే రెండు రోజులు సెలవు పెట్టి కొడకండ్ల దగ్గర మా ఊరికి వచ్చింది, వచ్చినప్పటి నుంచీ టైర్లు మారుస్తానని ఒకటే పట్టు. నన్ను పిసినారి అనడంలో తప్పేమీ లేదు, అరిగిన సబ్బు బిళ్లను కొత్త బిళ్లకు అంటించి వాడేదాన్నే, కాని ఆ రోజు నా నోట అడ్డం వచ్చింది పైసలు కావు. ఆ మోచేతి మీద ఎండిన రక్తం చూశాక నాకు మా ఆయన మోచెయ్యి కనబడింది. అంతకంటే పైకి చెప్పలేక కసిరాను, పిల్ల అలిగి కంచం జరిపేసింది.

అరవైతొమ్మిది తెలంగాణ గొడవల్లో బడులు మూతపడిన ఏడు మా పెండ్లి అయింది. అత్తగారింట్లో అడుగుపెట్టే నాటికే గెట్టు పంచాయితీ ఉంది. మా చేనుకు ఆనుకొని మా ఆయన పెద్దబాపు కొడుకులిద్దరి చేను, మధ్యలో గెట్టు, ఆ గెట్టుకు అటో ఇటో మూడు సాళ్ల నేల ఎవరిదన్నదే తగువు. మూడు సాళ్లంటే ఎంత, వెడల్పున ఒక మనిషి పడుకుంటే సరిపోయేంత. దానికోసం వాళ్లు మా గడ్డివాము తగలబెట్టారు. మా ఆయన పార కామ కట్టెతో వాళ్ల పెద్దవాడి జబ్బ ఎముక విరగ్గొట్టాడు. ఆ వారంలోనే మా జత ఎద్దుల్లో ఒకటి వెనక కాలి నరం తెగి చేన్లో కూలబడి కనిపించింది. అది లేవలేక నా వైపు చూసిన చూపుకు నా కడుపు మండిపోయి, ఇంటికి వచ్చి మా ఆయనతో కట్టె దించొద్దని చెప్పింది కూడా నేనే, ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

జనగామ కోర్టులో పేషీలకు తిరగడానికి ఆయన పాత ఫట్‌ఫటి మోటారు సైకిలు ఒకటి కొన్నాడు. మా ఊరి నుంచి మొరం రోడ్డు దాకా మూడు మైళ్లూ నల్లరేగడి బాట, వాన పడితే మనిషి చెప్పులే ఊడిపోతాయి, అలాంటి నేల మీద నున్నటి టైర్లు సబ్బు మీద కాలు పెట్టినట్టు జారేవి. మొదటిసారి పడి మోచెయ్యి చెక్కుకొని ఇంటికి వచ్చాడు. రెండోసారి పడ్డప్పుడు బండి లేపుకొనే లోపలే వాళ్లు వచ్చారు, బురదలో పడ్డవాణ్ణి పడ్డట్టే కట్టెలతో కొట్టారు, రెండు పక్కటెముకలు విరిగాయి. నెల రోజులు కాపడం పెడుతూ నేను అనుకున్నది ఒక్కటే, ఈ బండి ఇక జారకూడదు.

అందుకే ఆయన లేచి తిరగగానే, చీర కొనుక్కోవడానికి కూడా పట్నం పోనిదాన్ని, వెంట బయలుదేరి జనగామ స్టేషను పక్కన పంచర్లు వేసే భాయి దగ్గరికి పోయాను. భాయి నాలుగైదు రకాల టైర్లు ముందు పడేశాడు. వాటి మీద నంబర్లు నాకు తెలియవు గాని, నేల సంగతి తెలుసు. సన్నగీతల టైరు తీసి పక్కన పెట్టాను, గీతల్లో రేగడి కూరుకుంటే మళ్లీ నున్నదే అవుతుంది. దగ్గర దగ్గర బటన్లున్నదీ అంతే. గుర్రం బురదలో కూరుకుంటుంది, ఎద్దు కూరుకోదు, ఎందుకంటే ఎద్దు గిట్ట రెండుగా చీలి అడుగు వేసినప్పుడు విచ్చుకుంటుంది, ఎత్తినప్పుడు మట్టిని వదిలేస్తుంది. టైరు కూడా అట్లా వదిలేదే కావాలని, సందుల్లో రెండు వేళ్లు పట్టేంత ఎడం ఉన్నదాన్ని పట్టుకున్నాను. అడవి కంట్రాక్టర్ల బండిదట అది, మా తాలూకాలో అట్లాంటిది ఇంకొకటి లేదట. భాయి నవ్వి, ఎద్దును చూసి టైరు కొన్న ఆడమనిషిని నిన్నే చూసిన అన్నాడు. ముందూ వెనకా అవే బిగించి, మట్టి ఆగకుండా మడ్‌గార్డు పైకి జరిపి, గాలి కొంచెం తక్కువే ఉంచి, చేతులు తుడుచుకుంటూ ఒక మాట అన్నాడు.

"బురదల జారదక్కా. మగర్ గిది ఎక్కడికి పోయినా చెప్తది."

విన్నాను. నేల మీద పడ్డ ఆ అచ్చును చూశాను కూడా, పెద్ద పెద్ద గళ్లు, పిల్లలు గీసిన అష్టాచెమ్మా పటంలా. నాకు అందంగానే కనిపించింది.

ఆ వానాకాలమంతా బండి ఒక్కసారి కూడా జారలేదు. భాద్రపదంలో ఒక పొద్దున, రాత్రంతా వాన పడి తెరపిచ్చిన పూట, అన్నదమ్ములిద్దరూ గొడ్డళ్లతో మా ఇంటి మీదికి వచ్చారు. మా ఆయన వెనక వాకిట్లో నుంచి ఫట్‌ఫటి ఎక్కి, గెట్లు దాటించి, జొన్నచేను అంచున పోతుంటే వాళ్లు మోకాలి లోతు బురదలో పడుతూ లేస్తూ ఉరికారు, అందలేదు. నా కొడుకును చంకన వేసుకొని గోడ మీంచి చూస్తూ నేను నవ్వాను. వాళ్లకు వినబడాలనే నవ్వాను.

ఆయన చేన్ల బాటన నాలుగు కోసుల దూరం పోయి, పెద్దవంగర దగ్గర మా చెల్లె అత్తగారి ఊళ్లో, వాళ్ల పశువుల కొట్టంలో బండిని గడ్డి కింద దాచి ఉన్నాడు. ఆ పగలు నేను పెద్దమనుషుల ఇండ్ల చుట్టూ తిరిగాను, రేపు పంచాయితీకి కూర్చుందామన్నారు. ఇంటికి వచ్చాక వెనక వాకిట్లో టైరు అచ్చు కనబడితే భాయి మాట గుర్తొచ్చి, చీపురు తీసుకొని వాకిలి గడప దాకా చెరిపేశాను. అక్కడితో నా తెలివి అయిపోయింది. ఆ పగలు ఎండ దంచి కొట్టింది, రేగడి ఎండితే రాయి అవుతుందని తెలిసినదాన్నే, ఆ గళ్ల అచ్చు మా చేను అంచు నుంచి చెల్లె వాళ్ల కొట్టం గోడ దాకా అచ్చుపోసినట్టు గట్టిపడుతున్నదని ఆలోచించలేదు.

వాళ్లు ఆయన జాడ ఎవరినీ అడగనక్కర లేకపోయింది. తప్పిపోయిన ఎద్దు అడుగులు పట్టుకొని పోయినట్టు, మరునాడు పొద్దున గొడ్డళ్లు భుజాన వేసుకొని నాలుగు కోసులు నడిచి పోయారు. మా చెల్లె కొట్టం తలుపుకు అడ్డం నిలబడితే గొడ్డలి వెనక భాగంతో చెయ్యి విరగ్గొట్టారు. మా ఆయన గడ్డి మోపు మీద ఇంకా పూర్తిగా లేవనైనా లేవలేదట. మూడు వేట్లు. నేను పోయేటప్పటికి లేగదూడ ఆ రక్తం వాసనకు ఓ మూలకు నక్కి అరుస్తున్నది.

అన్నదమ్ములిద్దరూ జైలుకు పోయారు. కేసు కింద పోలీసులు పట్టుకుపోయిన బండి తిరిగొచ్చాక అమ్మేశాను, వెనక టైరు మాత్రం ఉంచుకున్నాను. పనికొచ్చేదాన్ని పారేసే అలవాటు నాకు లేదు. దాన్ని కోయించి చెప్పులు కుట్టించుకున్నాను, టైరు సన్నం కాబట్టి అరికాలు సగమే ఆనేది, అయినా తొడిగాను. చేనుకు పోవడానికి వేరే బాట ఉన్నా ప్రతి పొద్దునా వాళ్ల ఇంటి ముందు నుంచే పోయేదాన్ని, వాన పడిన రోజు ఆ గళ్లు అచ్చు పడేట్టు మరింత గట్టిగా అడుగు వేసేదాన్ని. వాళ్ల తల్లి, నాకు పెద్దత్త వరుస, నేను దాటిపోయిన వెంటనే బయటికి వచ్చి ఆ గళ్ల మీద పేడనీళ్ల సాంపి చల్లేది. ఆ చెప్పులు అరగడానికి ఆరేళ్లు పట్టింది.

ఇదంతా మనుమరాలికి అలిగి కూర్చున్న ఆ సాయంత్రమే మొదటిసారి చెప్పాను. తాత గెట్టు కొట్లాటలో పోయాడని తెలుసు గాని, టైరు సంగతి తెలియదు. తన మోచేతి గాయం చూసుకుంటూ ఒక్కటే అడిగింది.

"చిన్నవ్వ చెయ్యి వంకర గందుకేనా?"

గందుకే అన్నాను.

ఇప్పుడు మా ఊళ్లో గల్లీ గల్లీకీ సిమెంటు పోశారు, అడుగు పడినా అచ్చు పడదు. ఒకప్పుడు వాకిట్లో అచ్చులు చూసి ఎవరు వచ్చి పోయారో, ఏ ఇంటి బర్రె దొడ్డి దాటిందో చెప్పేవాళ్లం, మంచికీ చెడుకూ నేలే సాక్ష్యం చెప్పేది. నేల చదవడం తెలిసిన మా ఈడు వాళ్లు పది మంది మిగిలారేమో. మనిషిని పట్టాలంటే ఫోను చాలునని మనుమరాలు చెప్పింది, అది విన్నాక నాకు ధైర్యం రాలేదు, భయమూ పోలేదు.

తెల్లారి ఇద్దరం జనగామ పోయాం. కొట్లో పిల్లవాడు నాలుగు రకాలు చూపించాడు, నేను సందుల్లో వేళ్లు పెట్టి చూసి రెండు పక్కన పెట్టించాను. మిగిలిన రెండింటిలో ఏది ఎక్కువ మంది కొంటారని అడిగితే, గిది దినాం పది పోతయ్ అవ్వా అని ఒకటి చూపించాడు. పది బండ్ల అచ్చుల్లో కలిసిపోయేదే మేలని అదే బిగించమన్నాను, పైసలు నేనే ఇచ్చాను. ఇంటికి వచ్చి అన్నం తిని పిల్ల భూపాలపల్లి వైపు బండెక్కి పోయింది. తడిసిన వాకిట్లో గళ్ల అచ్చు పడింది. చీపురు తీసుకున్నాను. ఈసారి గడప దగ్గర ఆగలేదు, బయట మట్టి అయిపోయి సిమెంటు మొదలయ్యే దాకా ఊడ్చి వచ్చాను.