అక్కకు నచ్చని డ్రాగన్ కథ

ఈ మధ్య కొన్న రెండు పుస్తకాల్లో, కుర్రకారు కోసం రాసిన ఫాంటసీ నవల నాకు బాగా నచ్చింది. రెండోది బొమ్మల నవల. మాటలు మరీ తక్కువని పక్కన పడేశాను.

ఈ సాయంత్రం యరమరస్ కరెంటు ప్లాంటులో డ్యూటీ ముగించుకుని ఇంటికొస్తే, ఆ బొమ్మల నవల అక్క ఒళ్లో ఉంది. అక్క ఒకప్పుడు నవల పట్టుకుంటే అన్నం మరిచిపోయేది. పోయినేడు పక్షవాతం వచ్చాక చదవడం కష్టమై, పుస్తకం ముట్టడమే మానేసింది.

"మొత్తం చదివినవా?" అన్నాను ఆశ్చర్యంగా.

"బొమ్మలు చూసుకుంట, ఆ నాలుగు మాటలు మెల్లగ కూడబలుక్కుంట చదివిన. గా పిల్ల తన డ్రాగన్‌ను ఇడిచిపెట్టి ఒక్కతే ఎట్ల పోతది? నాకైతే అస్సలు నచ్చలే. రెండో భాగం ఉంటే జల్దీ తెప్పియ్యి."

"నచ్చలేదంటివి గద?"

"నచ్చకనే అడుగుతున్న. గా పిల్ల మళ్ల తిరిగొస్తదో లేదో తెల్వాలె గద!"

నవ్వబోయి ఏడ్చేశాను. ఆ బొమ్మలు గీసిన చేతులకు దండం పెట్టాలనిపించింది. రెండో భాగం ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి. కథ రాసినవాళ్లను ఇంకా తిట్టాలని అక్క ఎదురుచూస్తోంది.