గొర్రెపిల్ల వయసు, బిడ్డ వయసు

2025 మార్చి నెలాఖరు. బలసముద్రం పక్కన, సోలార్ పార్కు కంచెకు దగ్గర్లో ఉన్న ఆరోగ్య ఉపకేంద్రంలో నేను నర్సుగా పనిచేస్తున్నాను. మధ్యాహ్నమైతే కిటికీ అవతల పలకలన్నీ నీలంగా, నిండు నీళ్లలా కనిపిస్తాయి. ఎన్నేళ్లు చూసినా ఒక్క క్షణం మోసపోతాను. పని మధ్యలో అలా చూస్తూ ఉండిపోవడం నా పాత జబ్బు. "సిస్టరమ్మ మళ్లా తేలిపాయప్పా" అని మా ఆశా కార్యకర్త ఏడిపించేది.

అప్పటికి మాకు ఏఐతో పనిచేసే ట్యాబ్లెట్ ఒకటి ఇచ్చారు. గర్భిణి బీపీ, బరువు, రక్తం శాతం, ఎల్.ఎం.పి. నింపితే, పాత కేసులెన్నో చదివి నేర్చుకున్న ఆ యాప్ ప్రమాదం ఎంతో రంగుల్లో చెబుతుంది. పచ్చ అయితే ఇంటికి, ఎరుపు అయితే పెద్దాసుపత్రికి. ఎల్.ఎం.పి. అంటే చివరిసారి నెలసరి మొదలైన తేదీ. అది తెలియకపోతే ఫండల్ హైట్, అంటే టేపుతో కొలిచిన కడుపు ఎత్తు చూసి నెలలు అంచనా వేస్తుంది. పచ్చరంగు వెలిగితే చాలు, నాకు ప్రాణం హాయిగా ఉండేది. ఎవరో నా బరువు దించినట్టు అనిపించేది.

కరియమ్మ నిడుగల్లు వైపు మనిషి, గొర్రెల కాపరి భార్య. తొలి చూలు. మంద వెంట ఊళ్లు తిరుగుతూ ఆ రోజే మొదటిసారి మా దగ్గరికి వచ్చింది. అప్పటిదాకా ఒక్క స్కానింగు కూడా లేదు.

"ఆఖరుసారి ఏ తేదీన బయట చేరినావు?" అన్నాను.

"తేదీ తెలీదక్కా."

'తెలియదు' అన్న గడి నొక్కేశాను. టేపు పెడితే ముప్పై రెండు సెంటీమీటర్లు. బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. యాప్ ముప్పై రెండు వారాలని లెక్కగట్టి, రెండు వారాల తర్వాత రమ్మని పచ్చగా వెలిగింది.

బల్ల దిగుతూ కరియమ్మ అడిగింది. "ఇంకెన్ని దినాలక్కా?"

"దగ్గర దగ్గర రెండు నెల్లు."

ఆమె నవ్వింది. "యాడి రెండు నెల్లక్కా! మా గొర్రెపిల్లకే మూడు నెల్లు దాటిపాయ."

"గొర్రెపిల్లకూ దీనికీ ఏంది సంబంధం?"

"మూడు దినాలు బయటుండి, తలకు పోసుకొని మందలోకి పోతి. ఆ పొద్దే ఎదకొచ్చిన నా గొర్రెకు పొట్టేలు దాటింది. మళ్లా నాకు నెల తప్పితే, మీరిద్దురూ జోడీనే అని మా ఇంటాయప్ప నవ్వుతా ఉండె. అది ఐదు నెల్లకు ఈనేసింది. నేనింకా మోస్తానే ఉండా."

పెళ్లినాడు తల్లి చేతికిచ్చిన గొర్రె అది. దాని సంగతి ఆమె మరచిపోయే మాటే లేదు. పిల్ల పుట్టిన రోజు తీసిన ఫోటో ఫోన్‌లో ఉంటే చూపించింది. డిసెంబరు ఎనిమిది. అక్కడి నుంచి గొర్రె మోసే నూటయాభై రోజులు వెనక్కి లెక్కపెట్టి, బయటున్న మూడు రోజులు కలిపాను. ముప్పై ఏడు వారాలు దాటాయి. నా మత్తంతా ఒక్కసారిగా దిగిపోయింది.

అన్ని వారాలకు కడుపు అంతే ఉందంటే, లోపల ఉన్నది నెలలు తక్కువైన బిడ్డ కాదు, ఎదగని బిడ్డ. ప్లాసెంటా అనే మాయ నుంచి తిండి చాలక చిక్కిపోతుంది. దీన్ని గ్రోత్ రిస్ట్రిక్షన్ అంటాం. ఆలస్యమైతే కడుపులోనే పోవచ్చు.

"బిడ్డ కదులుతాందా?"

"నిన్నట్నుంచి నెమ్మదిగా ఉండాదక్కా. నిద్దరపోతాందేమో అనుకుంటి."

తేదీ నింపాను. అదే యాప్, అదే కొలత, తెర ఎర్రబడింది. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేశాను.

దారి పొడుగునా పలకలే. కదిలే బండిలోంచి అవి నీళ్లు పారుతున్నట్టు వెనక్కి పోతున్నాయి. కరియమ్మ కళ్లు మూసుకుని, "నిద్దర లేస్తుందా అక్కా?" అని ఒక్కసారే అడిగింది. ఆమె చేయి నా చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను. అంత భయం నా సర్వీసులో ఎన్నడూ పడలేదు.

స్కానింగులో ఉమ్మనీరు బాగా తగ్గిపోయిందని తేలింది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, కిలో తొమ్మిది వందల గ్రాములు. పన్నెండు రోజులు వెచ్చని పెట్టెలో ఉంచి తల్లి ఒడికిచ్చారు.

వాళ్లు ఇంటికి పోయే రోజు వెళ్లి నా తప్పు ఒప్పుకున్నాను. "నీకు తెలీదని ఆ యంత్రానికి చెప్పింది నేనే కరియమ్మా. దాని తప్పేమీ లేదు."

ఆమె బిడ్డకు పాలిస్తూ తలెత్తింది. "తేదీ తెలీదంటి గానీ, ఎప్పుడో తెలీదంటినా అక్కా? ఇంగో మాట అడిగింటే చెప్తాంటి కదా."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. ఇప్పుడు తేదీ తెలియదన్న ప్రతి మనిషినీ విత్తనం ఎప్పుడేశారో అడుగుతాను, వాన ఎప్పుడు పడిందో అడుగుతాను, ఇంట్లో ఏ పశువు ఎప్పుడు ఈనిందో అడుగుతాను. ఒక్కో మనిషికి అరగంట పడుతుంది. బయట వరుసలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ అనుకుంటాను.