రాళ్ళు కడిగిన ఒడెట్

ఒడెట్ కార్లియే ముప్పై నాలుగేళ్ళు సైకిలు మీద ఉత్తరాలు పంచింది. ఉత్తర ఫ్రాన్సులో, చక్కెర దుంపల పొలాల మధ్య, రాళ్ళు పరిచిన రెండు కిలోమీటర్ల బాట మీదే ఆమె ఉద్యోగమంతా గడిచింది. ఏటా ఏప్రిల్‌లో ఒక ఆదివారం, రెండున్నర వందల కిలోమీటర్ల పెద్ద సైకిలు పందెం కూడా ఆ బాట మీదుగానే పోతుంది. పందెగాళ్ళు దాన్ని మూడు నిమిషాల్లో దాటేస్తారు.

ఇరవై రెండేళ్ళ వయసులో, పట్నం నుంచి వచ్చిన మొదటి వారంలోనే ఆమె నాలుగుసార్లు పడింది. నాలుగోసారి బురదలోంచి ఉత్తరాలు ఏరిచ్చినవాడు ఫిర్మేన్ అనే తాపీమేస్త్రి.

"హేండిల్‌ని గొంతు పిసికినట్టు పట్టుకుంటావేం పిల్లా? పిచ్చుకను పట్టుకున్నట్టు పట్టుకో. బాట నడుమ ఉబ్బు మీదే పో, అంచుకు దిగావో మళ్ళీ నేనే రావాలి" అన్నాడు.

మళ్ళీ అతను రావలసిన అవసరం పడలేదు. బాట వెంట ఉన్న తొమ్మిది ఇళ్ళవాళ్ళు చలికాలమంతా ఆమెకు చికోరీ కాఫీ పోశారు. పురిటికి వెళ్ళినప్పుడు వంతులవారీగా సూపు గిన్నెలు పంపారు. ఇదంతా తనకు ఊరికే దొరికిందని ఒడెట్ ఎప్పుడూ అనుకోలేదు. రిటైరయ్యాక, శనివారాల్లో బాటను బాగుచేసే ముసలివాళ్ళ జట్టులో చేరింది. ఫిర్మేన్‌తో కలిపి ఆరుగురు మగవాళ్ళు, ఆమె ఒక్కతీ.

ఆమెకు అరవై మూడేళ్ళు వచ్చిన ఏడు మేయరు తేల్చి చెప్పేశాడు: పందెం వస్తున్నంత కాలమే రాళ్ళు, అది దారి మార్చుకున్న రోజున తారు. ఆదివారం పందెం; బాట పనికొస్తుందో లేదో తేల్చే పందెం వాళ్ళ తనిఖీ గురువారం. మంగళవారం ఒడెట్‌కు ఒక ఆలోచన వచ్చింది. టీవీలో ఊరు కనిపిస్తుంది కదా, బాట శుభ్రంగా ఉంటే బాగుంటుందని. పక్క పొలంలో పశువుల కొట్టం కడిగే పంపు అడిగి తెచ్చి, మధ్యాహ్నందాకా కడిగింది. రాళ్ళు నల్లగా నిగనిగలాడాయి.

ఫిర్మేన్ మోపెడ్ ఆపి చూశాడు. "ఎవరు చేశారిది?"

"నేనే. బాగుందా?"

అతను ఒక రాయి మీద కాలు పెట్టాడు. రాయి ఊగింది.

"ఇన్నేళ్ళు తొక్కావు కదా ఒడెట్! రాయిని పట్టి ఉంచేది ఏమిటనుకున్నావు? ఆ సందుల్లో ఇసుక, మట్టి, గడ్డి వేళ్ళు. వాటినే కడిగి కాలవలో పోశావు."

ఆమె పంపు కింద పెట్టేసింది. "ఎంత మేర పోయింది?"

"రెండొందల మీటర్లు."

ఇంటికి వెళ్ళి జట్టులో ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసి, చేసిన పని చెప్పింది. గంటలో అందరూ వచ్చారు. "నయం, అలిసిపోయి ఆగింది. లేకపోతే బెల్జియం దాకా కడిగేసేది" అన్నాడు ఎడ్మోన్, ఒకప్పటి బొగ్గుగని కార్మికుడు. అంటూనే బండి నిండా ఇసుక దింపాడు. ఆ సాయంత్రం, బుధవారమంతా, సందుల్లో ఇసుక కూరి, చీపుళ్ళతో ఊడ్చి, దిమ్మిసతో మోదారు.

గురువారం బ్రివో అనే తనిఖీ అధికారి వచ్చాడు. బూటుతో రాళ్ళను తన్నుకుంటూ నడిచి, ఆ రెండొందల మీటర్ల దగ్గర ఆగాడు. "ఇక్కడ ఇసుక కొత్తదిలా ఉందే?"

ఒడెట్ ముందుకొచ్చింది.

"నేను కడిగేశాను సార్. బుద్ధి తక్కువై" అంది ఒడెట్.

"ఇప్పుడు కాలితో తన్ని నేనేం చెప్పగలను? చూడ్డానికి బాగానే ఉంది. చక్రం పడితే కదా తెలిసేది!"

"ఆమెను తొక్కమనండి. ఏ రాయి కదిలినా ఆమె నడుముకు తెలుస్తుంది" అన్నాడు ఫిర్మేన్.

"అరవై మూడేళ్ళ నడుమయ్యా, రాళ్ళకంటే ముందు అదే కదులుతుంది" అన్నాడు ఎడ్మోన్. బ్రివో నవ్వాడు గానీ, కాదనలేదు.

ఆమె తన పాత సైకిలు తెచ్చి ఎక్కింది. నూట యాభై మీటర్ల దాకా అంతా గట్టిగానే ఉంది. ఆ తర్వాత వెనక చక్రం కింద ఏదో చిన్నగా దిగింది. చూస్తున్నవాళ్ళెవరికీ తెలియలేదు. ఇంకొక్క నిమిషం తొక్కితే పందెం ఉంటుంది, రాళ్ళుంటాయి. కానీ ఆదివారం నాడు ఎవడో పందెం కుర్రాడు గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో ఈ రాయి మీదికే వస్తాడు. ఆమె సైకిలు దిగింది.

"ఇది సార్. దీని పక్కది కూడా."

ఫిర్మేన్ కళ్ళు మూసుకున్నాడు. బ్రివో మడమతో నొక్కితే రాయి కదల్లేదు. సైకిలు చక్రం ఆనించి బరువంతా వేస్తే అప్పుడు కదిలింది.

"నాకైతే దొరికేది కాదు" అంటూ రెండు రాళ్ళ మీదా సుద్దతో గీత పెట్టాడు. "ఇంకెక్కడైనా ఉందా మేడమ్?"

ఆమె చివరిదాకా తొక్కి తిరిగొచ్చింది. "లేదు."

"ఖాయమేనా?"

"తొక్కింది నేను కదా సార్."

బ్రివో సుద్ద జేబులో వేసుకున్నాడు. "శనివారానికి ఆ రెండూ సరిచేయండి. పందెం ఇటే వస్తుంది."

ఒడెట్ తనవాళ్ళ వైపు తిరిగింది. "మీరంతా ఈ రెండ్రోజులూ..." అని మొదలుపెట్టింది.

"అదంతా తర్వాత. గునపం అందుకో" అన్నాడు ఫిర్మేన్.

ఆదివారం పందెం వచ్చింది, పోయింది. ఆ గీతల చోట ఎవరూ పడలేదు. చివరి కారు దాటాక, దుమ్ము ఇంకా అణగకముందే, ఒడెట్ ఆరుగురి దగ్గరికీ వెళ్ళి పేరుపేరునా చేయి పట్టుకుని కృతజ్ఞత చెప్పింది.

"గురువారం ఆగిపోయిన మాట ఇప్పుడా?" అన్నాడు ఎడ్మోన్.

"అప్పుడే చెప్పేస్తే మీరు ఇంటికి పోయేవాళ్ళు" అంది.