తప్పిపోయిన వరుస

పురానాపూల్ దగ్గరి మా దఫ్తరులో ఉర్దూ ఇళ్ల రిజిస్టర్లను తెలుగులోకి ఎక్కించే పెద్దాయన ఒకరుండేవారు. ఎవరు పిలిచినా తలెత్తకుండా ఎడమచెయ్యి పైకెత్తేవారు.

"ఈ వరుస అయినంక, భాయ్."

"వజీర్ సాబ్ పిల్చినా గిదే మాటనా?" అని అందరం నవ్వేవాళ్లం.

ఓ ఏకాదశినాడు ఆయన్ని భజనకు పిలవడానికి వెళ్లాను. చెయ్యెత్తారు.

"దేవుని పనికి గూడ ఆగాల్నా?" అని గద్దించాను.

ఆయన వరుస మధ్యలోనే కలం పక్కన పెట్టేశారు. "తప్పైంది పంతులూ, చెప్పు."

పావుగంట భజన సంగతులు చెప్పాను.

ఎక్కించడం పూర్తయిన పాత రిజిస్టర్లను కాల్చేసేవారు. ఏడాది తర్వాత, భర్త పోయిన ఒకామె వచ్చింది. కొత్త రిజిస్టర్లో ఆమె ఇల్లు లేదు. అది చూపించి మరిది ఆమెను వెళ్లగొట్టాడు.

"నా పేరు యాడ పోయింది, బాపూ?"

ఆయన ఆమె వీధి ఇళ్లున్న పుట తెరిచారు. అడుగున ఆ ఏకాదశి నాటి తేదీ ఉంది. ఆయన నావైపు చూడలేదు.

"నా చేతులనే పోయింది, బిడ్డా" అన్నారు.

ఆయన్ని కొలువునుంచి తీసేశారు. దైవనామం ఎంతటి పాపాన్నయినా కడుగుతుందని నేటికీ నమ్ముతాను. కానీ ఆ రోజు ఆమె ముందు నోరు విప్పి ఆ నామం పేరుతో కలం ఆపించింది నేనేనని చెప్పలేకపోయాను.