సిగ్నల్ బండ మీదికి పికప్

ఇప్పుడు ఏ కొండ మలుపులో నిలబడినా జేబులో ఫోను మోగుతూనే ఉంటుంది గానీ, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కొయ్యూరు దాటి లోపలికి వెళ్తే ఫోనంటే టైము చూసుకునే వస్తువు. (టార్చిలైటు కూడా. చాలామంది దాన్ని అందుకోసమే ఛార్జింగు పెట్టేవారు.) ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళు. ఐటీఐ సర్టిఫికెట్టు, చేతకాకపోయినా ఒప్పుకోని పొగరు, అనకాపల్లిలో ఒక సర్వీసు సెంటర్లో మూడు నెలల ట్రయలు ఉద్యోగం, ఇంతే నా ఆస్తి. అమ్మ ఆ ముందు ఏడాదే పోయింది. నాన్న సంగతి నాకు ఊహ తెలిసేసరికే మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. అందుకని మొదటి జీతం అందిన రోజున ఆ మాట ఎవరికి చెప్పాలో తోచక, మెస్సులో వడ్డించే ఆయనకి చెప్పాను. ఆయన "మంచిది బాబూ, సాంబారు ఇంకొంచెం వెయ్యనా?" అన్నాడు. వేయించుకున్నాను.

ట్రయలు ఇంకో వారంలో ముగుస్తుందనగా మా ఫోర్‌మన్ గారు పిలిచారు. "ఏజెన్సీలో ఒక సావుకారు పికప్‌కి ఫోర్‌వీల్ డ్రైవ్ పడతం లేదంట. కంట్రోల్ మాడ్యూల్ పోయుంటాది. కొత్తది పట్టుకెళ్ళి మార్చు. శుక్రవారం సంతకి బండి వాగు దాటాల. దాటితే నువ్వు పర్మనెంటు. దాటకపోతే అట్నించటే ఇంటికెళ్ళిపో" అన్నారు. ఏ ఇల్లో అడుగుదామనుకున్నాను గానీ ఆయన అప్పటికే ఇంకొకరిని తిట్టడానికి వెళ్ళిపోయారు. ఈ మాడ్యూల్ అనేది అరచేతిలో పట్టే నల్లటి డబ్బా. డ్రైవరు గుండ్రటి స్విచ్చు బిళ్ళ తిప్పగానే, వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలను కూడా లాగమని ఆజ్ఞ ఇచ్చేది అదే. అది చచ్చిపోతే బండి తారు రోడ్డు మీద మహారాజులా వెళ్తుంది, బురదలో మాత్రం ఉన్నచోటే చక్రాలు తిప్పుకుంటూ కూర్చుంటుంది.

సోమవారం పొద్దున వెళ్ళాను. ఊరి ముందర వాగు మీది కల్వర్టు వానలకి కొట్టుకుపోయింది. లాప్‌టాప్ బ్యాగు నెత్తిన పెట్టుకుని, కొత్త డబ్బాను చొక్కాలో దోపుకుని నడుంలోతు నీళ్ళలో దాటాను. అవతలి గట్టు మీద సావుకారు గొడుగేసుకుని ఎదురుచూస్తున్నాడు. నర్సీపట్నం వైపు నుంచి వచ్చి పాతికేళ్ళుగా అక్కడ కొట్టు నడుపుతున్న మనిషి. చుట్టుపక్కల ఊళ్ళ పసుపు, మిరియాలు అన్నీ ఆయన గొడౌనులోనే ఉన్నాయి. ఆ సరుకంతా వాగు దాటించడానికి ఆ పికప్ తప్ప దిక్కు లేదు. నాకు పడక కూడా ఆ గొడౌనులోనే, పసుపు బస్తాల మధ్య. (రెండో రోజుకి పెళ్ళికొడుకులా తయారయ్యాను. పిల్లనిచ్చేవాళ్ళే లేరు.)

డాష్‌బోర్డు కింద పలక విప్పగానే పులిసిన వాసన కొట్టింది. డబ్బా చుట్టూ చీమలు బారులు తీరి ఉన్నాయి. తీగలు తగిలే దాని లోహపు కాళ్ళన్నీ పచ్చగా చిలుం పట్టిపోయాయి.

"సావుకారు గారూ, లోపలికి నీళ్ళు ఎలా వెళ్ళాయండీ?"

"నీళ్ళేటి బాబూ? అద్దాలు దించనే దించను. ఒక్క సుక్క పడనివ్వను."

నేను తల ఎత్తి చూశాను. డాష్‌బోర్డు మీద సరిగ్గా ఆ డబ్బాకి పైన చిన్న దేవుడి బొమ్మ ఉంది. దాని చుట్టూ ప్లాస్టిక్కు తెల్లగా మరకలు కట్టి ఉంది. ప్రతి శుక్రవారం బండి కదిలే ముందు కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు స్వామి పాదాల మీద పోస్తాడట. బండి కొన్న దగ్గర్నుంచి ఒక్క వారం తప్పలేదట.

"మరి నీళ్ళు పడలేదన్నారు?"

"అయ్యి నీళ్ళు కాదు కదా బాబూ, కొబ్బరినీళ్ళు."

ఇకమీదట కాయ టైరు ముందర కొట్టమన్నాను. దేవుడు ఒప్పుకుంటాడా అని అడిగాడు. దేవుడు ఒప్పుకుంటాడు గానీ ఈ డబ్బా ఒప్పుకోదని చెప్పాను. ఆ మాటకి ఆయన నా వైపు కొంచెం గౌరవంగా చూశాడు. ఆ గౌరవం అరగంట నిలిచింది. ఎందుకంటే పాత డబ్బా తీసి కొత్తది బిగించడానికి పట్టింది అంతసేపే. బిగించి, బిళ్ళ తిప్పితే, డాష్‌బోర్డు మీది హెచ్చరిక దీపం మునుపటిలాగే ఆరుతూ వెలుగుతూ నన్ను వెక్కిరించింది.

కొత్త డబ్బాకి అది ఏ బండిదో లాప్‌టాప్‌తో నేర్పాలి, దాన్నే కోడింగు అంటారు. మా సెంటర్లో ఆ పని ఫోర్‌మన్ గారే చేసేవారు, నేను పక్కన స్పానరు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఆ పనికి ఇంటర్నెట్ కావాలన్న సంగతి, గోడకి ఉన్న వైఫై పెట్టెను మూడు నెలలపాటు రోజూ తుడిచిన నాకు తట్టలేదు. ఆ ఊళ్ళో నెట్ దొరికే చోటు ఒక్కటే. ఊరి వెనక గుట్ట మీద సిగ్నల్ బండ. నేను లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆయాసపడుతూ గుట్ట ఎక్కాను. పైన ఫోన్‌లో నెట్ ఉంది, కానీ లాప్‌టాప్ తీగ తగిలించడానికి బండి లేదు. కింద బండి ఉంది, నెట్ లేదు. బండిని పైకి తేవాలంటే ఆ జారుడు బాటలో ఫోర్‌వీల్ డ్రైవ్ పడాలి. అది పడాలంటే బండి పైకి రావాలి. ఈ మాట ఫోర్‌మన్ గారికి ఫోన్‌లో చెబితే, ఆయన నన్ను ఏమన్నారో బండ మీద కూర్చున్న పదిమందీ విన్నారు.

ఆ బండ పద్ధతి అది. సిగ్నల్ అందేది ఒకే ఒక్క రాయి మీద. మిగతావాళ్ళు చుట్టూ వరసలో కూర్చుంటారు. ఒకరు మాట్లాడుతుంటే అందరూ వింటారు, అయిపోయాక మంచీ చెడ్డా చెబుతారు. వరస చూసేది మేకలు కాసుకునే ఒక పెద్దామె. ఆమెను నేను టోకెనమ్మ అనుకునేవాణ్ణి. కూతురు అరకు దారిలో టైడా దగ్గర వంట పనిలో ఉందట. ఆ పిల్ల ఫోను చేసినా చెయ్యకపోయినా ఆమె రోజూ నాలుగింటికి బండ మీద ఉంటుంది. ఫోర్‌మన్ గారు పెట్టేశాక ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మీ పెద్దాయనకి ఫోనెందుకు బాబూ, ఊరికే అరిసినా ఇనపడతాది" అంది. అందరూ నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

మంగళవారం వాన. బండిని రెండుసార్లు గుట్ట ఎక్కించబోయాను, రెండుసార్లూ వెనక్కి జారి సావుకారు కొట్టు అరుగు ముందుకే వచ్చి ఆగింది. బాట ఆరేదాకా చేసేదేమీ లేదన్నారు. సాయంత్రం గొడౌనులో కూర్చోలేక మళ్ళీ బండ ఎక్కాను. అందరూ ఎవరెవరితోనో మాట్లాడుతున్నారు. అన్నం తిన్నావా, జ్వరం తగ్గిందా, ఎప్పుడొస్తావు అంటున్నారు. నాకు ఎవరికి ఫోను చెయ్యాలో తెలియలేదు. అంత ఒంటరితనం నేను అంతకు ముందు ఎరగను, స్మశానంలో కూడా. ఊరికే కూర్చుంటే జాలిపడతారని, వరసకి దూరంగా పడమటి వైపు చదునుగా ఉన్న ఒక రాయి మీద కూర్చుని, ఫోను చెవికి పెట్టుకుని, "అలాగే సార్, వైజాగ్ పని కూడా నేనే చూస్తాను సార్" అని గట్టిగా దంచాను. అవతల ఎవరూ లేరు. నెంబరు కూడా నొక్కలేదు.

బుధవారం కూడా అదే రాయి, అదే సార్. కానీ నాలుగు మాటలయ్యేసరికి ఆ సార్‌తో నాకు విసుగొచ్చింది. (లేని మనిషైనా ఎంతసేపని పొగుడుతాం.) ఎలా వచ్చిందో తెలియదు, "అమ్మా" అన్నాను. తిన్నానమ్మా, అన్నాను. పసుపు బస్తాల మీద పడుకుంటున్నాను, ఒళ్ళంతా పచ్చగా అయింది, నువ్వు చూస్తే నవ్వుతావు, అన్నాను. శుక్రవారానికి బండి వాగు దాటకపోతే ఉద్యోగం ఉండదే, భయంగా ఉంది, అన్నాను. చాలాసేపు మాట్లాడాను. లేచి వస్తుంటే టోకెనమ్మ మేకల వైపు చూస్తోంది. ఎవరూ మంచీ చెడ్డా చెప్పలేదు. నా గొంతు అంత దూరం వినపడలేదనుకుని సంబరపడ్డాను.

గురువారం ఎండ కాసింది. మధ్యాహ్నానికి పాతికమంది మోకు పట్టుకుని వచ్చారు. వాళ్ళ పసుపు కూడా ఆ గొడౌనులోనే ఉంది కదా. దుంగలు లాగే మోకుని బండికి కట్టి, పాట అందుకుని లాగారు. నేను స్టీరింగు పట్టుకుని, వెనక చక్రాలు తిప్పుతూ, లాగుతున్నది నేనేనన్నట్టు ముఖం పెట్టాను. పైకి చేరాక, బండి నిలపడానికి చదునైన చోటు నాకు బాగా తెలుసని తెగ చెప్పి, సిగ్నల్ రాయికి నాలుగడుగులు పక్కనైతే అందకపోతుందా అనుకుని, పడమటి వైపు నా రాయి దగ్గరికే లాగించాను. లాప్‌టాప్ తీగ బండికి తగిలించి, ఫోను నెట్‌ని లాప్‌టాప్‌కి కలిపాను. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఫోను అటు తిప్పాను, ఇటు తిప్పాను, బండి టాపెక్కి నిలబడ్డాను. సావుకారు చెమట తుడుచుకుంటూ, "ఏటి బాబూ, ఏటి సేత్తన్నావు?" అన్నాడు. పాతికమందీ నేల చూపులు చూస్తున్నారు.

టోకెనమ్మ మెల్లగా దగ్గరికి వచ్చింది. "ఆ రాయి కాడ సిగ్నలు రాదు బాబూ. ఎప్పుడూ రాదు" అంది.

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. టాపు మీంచి దిగడానికి కూడా మొహం చెల్లలేదు. "మరి నిన్నా మొన్నా చెప్పలేదేమమ్మా?" అన్నాను.

"మీ అమ్మతో మాటాడతన్నావు గదా. మజ్జిలో ఎందుకని ఊరుకున్నాం" అంది. ఆ తర్వాత అందరి వైపు తిరిగి, "సూత్తారేటి? బేగి లాగండి, ఇంకో ఇరవై అడుగులే" అని కేకేసింది.

ఇరవై అడుగులు లాగారు. కోడింగు పది నిమిషాల్లో అయిపోయింది. దీపం ఆరిపోయి, ముందు చక్రాలు మట్టిని పట్టుకున్నాయి. శుక్రవారం పొద్దున సావుకారు టైరు ముందర కొబ్బరికాయ కొట్టి, అలవాటుకొద్దీ నీళ్ళచిప్ప డాష్‌బోర్డు వైపు తీసుకెళ్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. పసుపు బస్తాలతో బండి, ఎండకి మోకాలిలోతుకి తగ్గిన వాగులోకి దిగి, నీళ్ళు చిమ్ముకుంటూ అవతలి గట్టు ఎక్కింది. నా ఉద్యోగం కూడా దాంతో పాటే గట్టెక్కింది. గట్టు మీద చక్రాలు ఒకసారి చూసుకుని మళ్ళీ ఎక్కి నేను తలుపు వెయ్యబోతుంటే, సంతకని బండి వెనక ఎక్కిన టోకెనమ్మ దిగొచ్చి, అల్లం కొమ్ములు మూటకట్టి నా ఒళ్ళో పెట్టింది. "నీకు పని పోలేదని మీ అమ్మకి సెప్పు. మేం అడిగినామని కూడా సెప్పు" అంది.

ఇప్పుడు నేనే ఫోర్‌మన్‌ని, అరుపులో కూడా ఆయన వారసుణ్ణే. ఆ గుట్ట మీద టవరు వేశారట, బండ మీద ఎవరూ కూర్చోవడం లేదట. లేని సార్‌కి పసుపు మొహంతో సలాములు కొట్టిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఆమె చెప్పమన్న కబురు మాత్రం వాడు అశ్రద్ధ చెయ్యలేదు. ఆ రోజు ఘాటీ దిగుతూ, ఫోను జేబులోనే ఉంచి, చెప్పేశాడు.